ఎలక్ట్రిక్ కారు ఎంచుకునేటప్పుడు ఏ రేంజ్‌ని (ఒక్క ఛార్జ్‌తో వెళ్లే దూరాన్ని) పోల్చాలి?

బీవైడీ అట్టో 3 కారునే తీసుకోండి. 60.48 యూనిట్ల బ్యాటరీ ఉన్న మోడల్‌కి డబ్ల్యూఎల్‌టీపీ అనే యూరప్ పరీక్ష లెక్కలో రేంజ్ 420 కిలోమీటర్లు. దానికి ముందున్న ఎన్ఈడీసీ పరీక్ష లెక్కలో 480. భారత్‌లో వాహనాలను పరీక్షించే సంస్థ ఏఆర్ఏఐ పేరుతో చెప్పిన రేంజ్ 521. కారు అదే, బ్యాటరీ అదే, మోటారూ అదే. ఈ మూడింటిలో అబద్ధం ఒక్కటీ లేదు. ఎవరి పరీక్ష ప్రకారం వాళ్లు కొలిచారు, అంతే. ఇప్పుడు ఒక కారు పక్కన 521 అనీ, ఇంకో కారు పక్కన 450 అనీ కనిపిస్తే చాలామంది మొదటిదే ఎక్కువ దూరం వెళ్తుందనుకుంటారు. ఆ 450 డబ్ల్యూఎల్‌టీపీ అంకె అయితే మాత్రం రోడ్డు మీద రెండో కారే ముందుంటుంది.

అందుకే బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో ఉన్న కిలోమీటర్ల అంకెను పోలికకు వాడకపోవడమే మేలు. నిజంగా పోల్చాల్సినవి రెండు: బ్యాటరీలో వాడుకోదగ్గ యూనిట్లు ఎన్ని, మీరు నడిపే వేగంలో 100 కిలోమీటర్లకు కారు ఎన్ని యూనిట్లు తాగుతుంది. యూనిట్ అంటే కరెంటు మీటర్ లెక్కపెట్టే యూనిట్టే, ఒక కిలోవాట్ అవర్. ఈ రెండూ తెలిస్తే రేంజ్ ఎంతో ఎవరూ చెప్పనక్కర్లేదు, మనమే లెక్క కట్టుకోవచ్చు.

ఏ పరీక్ష అంకెను ఎంతవరకు నమ్మాలి

ఎన్ఈడీసీ బాగా పాత పరీక్ష. చివరిసారి సవరించింది 1997లో. సుమారు 20 నిమిషాలు, 11 కిలోమీటర్లు, సగటు వేగం గంటకు 34 కిలోమీటర్ల లోపే. నెమ్మదిగా వేగం అందుకోవడం, కాసేపు ఒకే వేగంలో పోవడం, నెమ్మదిగా ఆపడం. రోడ్డు మీద అలా నడిపేవాళ్లు ఎవరూ ఉండరు. దీని స్థానంలో యూరప్ 2017 నుంచి డబ్ల్యూఎల్‌టీపీని తెచ్చింది. ఇందులో పరీక్ష అరగంట సాగుతుంది, దూరం 23 కిలోమీటర్లు, సగటు వేగం 46.5, గరిష్ఠ వేగం 131. పాతదానికంటే చాలా నయం. కానీ పరీక్ష గది ఉష్ణోగ్రత 23 డిగ్రీలు, ఏసీ ఆపేసి ఉంటుంది. 131 వేగాన్ని అందుకున్నా అక్కడ ఉండేది కాసేపే.

చైనాలో వాడే సీఎల్‌టీసీలో సగటు వేగం గంటకు 29 కిలోమీటర్లే. పెట్రోలు కారు అయితే ఇంత నెమ్మదైన ట్రాఫిక్‌లో ఇంధనం తెగ తాగుతుంది. ఎలక్ట్రిక్ కారుకి ఇదే అనుకూలం. ఆగినప్పుడు మోటార్ ఏమీ తినదు, బ్రేక్ వేసినప్పుడల్లా కొంత కరెంటు వెనక్కి వస్తుంది. అందుకే సీఎల్‌టీసీ అంకెలు చూడ్డానికి అంత గొప్పగా ఉంటాయి. భారత్‌లోని ఎంఐడీసీ పరీక్షలో గరిష్ఠ వేగం 90కి మించదు. ఏఆర్ఏఐ రేంజ్ అని మనం చూసే అంకెలు దీంట్లోంచి వచ్చేవే.

అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏది వేరే పద్ధతి. కారుని రోలర్ల మీద నగరం, హైవే తీరుల్లో బ్యాటరీ ఖాళీ అయ్యేదాకా నడుపుతారు. వచ్చిన దూరాన్ని నేరుగా ప్రకటించకుండా సాధారణంగా 0.7తో గుణిస్తారు. ఎండ, చలి, హైవే వేగం వీటన్నిటి కోసం ముందే 30 శాతం కోసేస్తారన్నమాట. మిగతా అన్నిటికంటే ఇదే నిజానికి దగ్గరగా ఉంటుంది. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. అదనపు పరీక్షలు చేసి 0.7 కంటే మెరుగైన గుణకం తెచ్చుకోవడానికి కంపెనీలకు వీలుంది. కొన్ని తెచ్చుకుంటాయి, కొన్ని ఆ జోలికి పోవు. 2020 పోర్షే టైకాన్ 4ఎస్‌కి ఈపీఏ రేంజ్ 203 మైళ్లు. అదే కారుని కార్లను సమీక్షించే వెబ్‌సైట్ ఎడ్మండ్స్ వాళ్లు తమ రూట్లో నడిపితే 323 మైళ్లు వెళ్లింది. ఒకే దేశపు లేబుల్ ఉన్న రెండు కార్లలో కూడా ఒకటి పిసినారి లెక్క, ఇంకోటి ధారాళమైన లెక్క అయ్యే అవకాశం ఉందని దీన్నిబట్టి తెలుస్తోంది.

మరి వేర్వేరు పరీక్షల అంకెలే దొరికితే ఎలా పోల్చాలి? నేను వాడే మోటు లెక్క ఇది. గంటకు 100 నుంచి 110 వేగంతో హైవే మీద పోయేవాళ్లు డబ్ల్యూఎల్‌టీపీ అంకెలో 75 శాతం తీసుకోవాలి. ఈపీఏ అంకె అయితే 85 నుంచి 90 శాతం. ఎన్ఈడీసీ అయితే 65 శాతం. ఎంఐడీసీ, సీఎల్‌టీసీ అయితే 60 శాతం. అట్టో 3 మూడు అంకెలనూ ఈ లెక్కలో వేసి చూడండి: 420లో 75 శాతం 315, 480లో 65 శాతం 312, 521లో 60 శాతం 313. మూడు దారులూ ఒకేచోటికి వచ్చాయి. ఇది శాస్త్రం కాదు. జాబితాలోంచి పనికిరానివాటిని తీసేయడానికి మాత్రం సరిపోతుంది.

వేగం దగ్గరే అసలు తేడా

కారు ఎదుర్కొనే ప్రధాన నిరోధాలు రెండు. ఒకటి టైర్లది. కిలోమీటరుకి అది దాదాపు ఒకేలా ఉంటుంది, బరువు పెరిగితే పెరుగుతుంది. రెండోది గాలిది. అది వేగాన్ని వేగంతో గుణించిన లెక్కన పెరుగుతుంది. వేగం 80 నుంచి 120కి పెరిగితే ఒకటిన్నర రెట్లే కదా అనిపిస్తుంది, కానీ గాలి నిరోధం రెండుంపావు రెట్లవుతుంది.

అంకెల్లో చూద్దాం. 1,900 కిలోల బరువున్న మధ్యరకం ఎస్‌యూవీ, బ్యాటరీలో వాడుకోదగ్గవి 60 యూనిట్లు, చదునైన రోడ్డు, గాలి లేదు, ఏసీ మామూలుగా నడుస్తోంది. ఇలాంటి కారుకి లెక్క కడితే సుమారుగా ఇలా వస్తుంది:

80 వేగంలో 100 కిలోమీటర్లకు 13.2 యూనిట్లు, రేంజ్ 455 కిలోమీటర్లు.
100 వేగంలో 16.5 యూనిట్లు, రేంజ్ 365.
120 వేగంలో 20.5 యూనిట్లు, రేంజ్ 295.

కారు మారలేదు, నడిపిన వేగం మారిందంతే. 160 కిలోమీటర్ల తేడా వచ్చింది. కాబట్టి ఎవరైనా "నా కారు ఒక్క ఛార్జ్‌తో 450 వెళ్తుంది" అంటే ముందు అడగాల్సింది ఎంత వేగంలో అని. ఇంకొకరు అదే కారుతో 300 కూడా రావడం లేదని వాపోతుంటారు. చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

ఎదురుగాలిని జనం లెక్కలోకే తీసుకోరు. గంటకు 20 కిలోమీటర్ల గాలి ఎదురుగా వీస్తుంటే, 100 వేగంతో పోతున్న కారుకి గాలి 120 వేగంలో తగిలినట్టే. గాలి నిరోధం 44 శాతం పెరుగుతుంది. ఆ రోజు "కారుకేదో అయింది" అని టెన్షన్ పడి సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసేవాళ్లు చాలామంది. పైన సామాను పెట్టె బిగించినా ఇదే కథ. ఖాళీ క్యారియర్‌ని అలాగే వదిలేసి తిరిగినా కొంత పోతుంది.

అందువల్ల హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్లకి బ్యాటరీ సైజు కంటే కారు ఆకారం ముఖ్యం కావచ్చు. దీనికి చక్కటి ఉదాహరణ హ్యుందాయ్ ఐయానిక్ 5, ఐయానిక్ 6. రెండూ ఒకే ప్లాట్‌ఫామ్ మీద కట్టినవి. 2023 మోడళ్లలో రెండింటికీ 77.4 యూనిట్ల బ్యాటరీయే. ఐయానిక్ 5 పెట్టెలా నిటారుగా ఉంటుంది, దాని డ్రాగ్ గుణకం (ఆకారం గాలిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, తక్కువైతే మేలు) 0.288. ఐయానిక్ 6 నున్నగా జారినట్టు ఉండే సెడాన్, దానిది 0.21. వెనక చక్రాలకు మాత్రమే మోటార్ ఉన్న రకాల్లో ఈపీఏ రేంజ్ చూస్తే మొదటిదానికి 303 మైళ్లు, రెండోదానికి 361. కిలోమీటర్లలో 488, 581. 93 కిలోమీటర్ల తేడాలో ఎక్కువ భాగం ఆకారం తెచ్చిపెట్టిందే. వేగం పెరిగేకొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. నగరంలో 30, 40 వేగంలో తిరిగితే మాత్రం ఇంత ఉండదు. అక్కడ ఐయానిక్ 5 ఎత్తూ వెనక సీటు చోటూ ఎక్కువ ఉపయోగం.

చక్రాల సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. ఒకే కారులో ఖరీదైన వేరియంట్‌కి పెద్ద చక్రాలు, వెడల్పు టైర్లు వస్తాయి. చూడ్డానికి బాగుంటాయి, రేంజ్ తగ్గిస్తాయి. కంపెనీ ప్రకటించే "గరిష్ఠ రేంజ్" దాదాపు ఎప్పుడూ చిన్న చక్రాలున్న వేరియంట్‌దే. మీరు కొనబోయే వేరియంట్ అంకె ఏదో విడిగా అడగండి.

ఏసీ గంటల లెక్కన తింటుంది

ఇది చాలామందికి తట్టని విషయం. గాలి నిరోధం కిలోమీటర్ల లెక్కన తింటుంది, ఏసీ గంటల లెక్కన తింటుంది. ఎండలో ఏసీ 1.5 కిలోవాట్లు లాగుతోందనుకుందాం. హైవేలో 100 వేగంతో పోతుంటే 100 కిలోమీటర్లకు పట్టేది గంట, ఏసీ ఖర్చు 1.5 యూనిట్లు. జామ్‌లో సగటు వేగం 20 అయితే అదే 100 కిలోమీటర్లకు ఐదు గంటలు. ఏసీ ఒక్కటే 7.5 యూనిట్లు తినేస్తుంది. నగరంలో ఎలక్ట్రిక్ కారుకి ఎక్కువ రేంజ్ వస్తుందన్న మాట నిజమే గానీ, ఎర్రటి ఎండలో కదలని ట్రాఫిక్‌లో ఆ లాభమంతా కరిగిపోతుంది.

చలి సంగతి ఇంకా ఘోరం. అమెరికాలోని వాహనదారుల సంఘం ఏఏఏ 2019లో ఐదు ఎలక్ట్రిక్ కార్లను పరీక్షించింది. మామూలు వాతావరణంతో పోలిస్తే, 35 డిగ్రీల వేడిలో ఏసీ వేసుకుని నడిపితే రేంజ్ సగటున 17 శాతం తగ్గింది. మైనస్ 7 డిగ్రీల దగ్గర హీటర్ వేసుకుంటే 41 శాతం తగ్గింది. అదే చలిలో హీటర్ వేయకపోతే తగ్గుదల 12 శాతమే. అంటే నష్టంలో పెద్ద వాటా క్యాబిన్‌ని వెచ్చగా ఉంచడానికే పోతోంది. పెట్రోలు కారు ఇంజన్ వేడిని ఊరికే పారేస్తుంది కాబట్టి హీటర్ దానికి ఉచితం. ఎలక్ట్రిక్ కారులో పారేసేంత వేడి పుట్టదు, బ్యాటరీ నుంచే ఇవ్వాలి.

మీరుండే చోట చలికాలం గడ్డకట్టేంతగా ఉంటే హీట్ పంప్ ఉన్న కారే చూడండి. అది బయటి గాలిలోని వేడిని లోపలికి తోడుతుంది, కాబట్టి మామూలు హీటర్ కంటే చాలా తక్కువ కరెంటుతో పని జరుగుతుంది. కొన్ని కార్లలో ఇది పై వేరియంట్‌కే వస్తుంది, కొన్నిట్లో అదనంగా డబ్బు కట్టాలి. చలి అంతగా లేని చోట హీట్ పంప్ కోసం ఎక్కువ పెట్టడం దండగ.

బ్యాటరీ అంకెలోనూ తిరకాసు ఉంది

బ్యాటరీలో ఉన్న యూనిట్లన్నీ మనకివ్వరు. అది త్వరగా పాడవకుండా పైనా కిందా కొంత దాచిపెడతారు. ఫోక్స్‌వాగన్ ఐడీ.4 పెద్ద బ్యాటరీ మొత్తం సామర్థ్యం 82 యూనిట్లు, అందులో వాడుకోదగ్గవి 77. ఒక కంపెనీ మొత్తం చెబుతుంది, ఇంకోటి వాడుకోదగ్గది మాత్రమే చెబుతుంది. పోల్చేటప్పుడు రెండూ వాడుకోదగ్గవేనా అని చూసుకోకపోతే మొదటి అడుగులోనే ఐదారు శాతం తప్పు దొర్లుతుంది.

ఇంకో తిరకాసు ఖర్చు అంకెలో. లేబుల్ మీద "100 కిలోమీటర్లకు ఇన్ని యూనిట్లు" అని ఉంటే, బ్యాటరీని దానితో భాగించి రేంజ్ తెలుసుకోవచ్చని అనిపిస్తుంది. అలా చేయకండి. ఈపీఏ, డబ్ల్యూఎల్‌టీపీ రెండూ ఖర్చును గోడ ప్లగ్ దగ్గర కొలుస్తాయి, ఛార్జింగ్‌లో వేడిగా పోయిన కరెంటును కూడా కలుపుకుని. పైన చెప్పిన ఐయానిక్ 5కి ఈపీఏ ఖర్చు 100 మైళ్లకు 30 యూనిట్లు. 303 మైళ్లకు లెక్క కడితే 91 యూనిట్లవుతుంది. బ్యాటరీలో ఉన్నవేమో 77.4. మిగతావి దారిలో పోయినవి. కరెంటు బిల్లు అంచనా వేయడానికి లేబుల్ అంకె సరైనది. రేంజ్ లెక్కకు మాత్రం కారు డ్యాష్‌బోర్డు చూపించే సగటు ఖర్చు కావాలి. అది బ్యాటరీ నుంచి బయటికొచ్చిన కరెంటునే లెక్కిస్తుంది.

దూర ప్రయాణంలో మీ చేతికొచ్చేది 70 శాతమే

లేబుల్ రేంజ్ అంటే 100 శాతం నుంచి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా. అలా ఎవరూ నడపరు. 10 శాతానికి వచ్చేసరికి మనసు ఛార్జర్ వెతుకుతుంది. ఛార్జర్ దగ్గర 80 దాటాక కరెంటు ఎక్కే వేగం బాగా పడిపోతుంది కాబట్టి ఎక్కువమంది అక్కడే తీసేసి బయల్దేరతారు. ఇంట్లో పూర్తిగా నింపుకుని మొదలుపెట్టిన మొదటి విడతలో 90 శాతం వాడుకోవచ్చు. ఆ తర్వాత ప్రతి విడతలో 70 శాతమే. హైవే రేంజ్ 315 అయితే మొదట 280 దాకా వెళ్తారు, తర్వాత ప్రతి 220 కిలోమీటర్లకు ఒకసారి ఆగాలి.

ఇక్కడికొచ్చేసరికి రేంజ్‌నీ ఛార్జింగ్‌నీ విడదీసి చూడటం కుదరదు. రెండు కార్లను ఊహించుకుందాం. ఒకటి పెద్ద ఎస్‌యూవీ. వాడుకోదగ్గవి 75 యూనిట్లు, 110 వేగంలో 100 కిలోమీటర్లకు 22 యూనిట్లు తాగుతుంది. రెండోది సెడాన్. 60 యూనిట్లు, అదే వేగంలో 16 తాగుతుంది. రేంజ్ మొదటిదానికి 340, రెండోదానికి 375. చిన్న బ్యాటరీదే ముందుంది. రెండూ 10 నుంచి 80 శాతానికి అరగంటలో ఎక్కుతాయనుకుందాం. ఎస్‌యూవీలోకి 52.5 యూనిట్లు ఎక్కుతాయి, అంటే సుమారు 240 కిలోమీటర్లు. సెడాన్‌లోకి 42 యూనిట్లే ఎక్కుతాయి, కానీ అవి 262 కిలోమీటర్లకు సరిపోతాయి. ఛార్జర్ దగ్గర యూనిట్ లెక్కన డబ్బు కట్టేది కూడా సెడాన్ యజమానే తక్కువ. తక్కువ తాగే కారు ప్రతిచోటా గెలుస్తుంది. బ్యాటరీ పెద్దది కావడం వల్ల గెలిచే కారు ఒక్క రేంజ్‌లోనే గెలుస్తుంది.

కాబట్టి దూర ప్రయాణాలు చేసేవాళ్లు "అరగంట ఛార్జింగ్‌తో నా వేగంలో ఎన్ని కిలోమీటర్లు వస్తాయి" అన్న ఒక్క అంకెతో పోల్చుకుంటే చాలు. గరిష్ఠ ఛార్జింగ్ వేగం 150 కిలోవాట్లు, 200 కిలోవాట్లు అని రాసేది పెద్దగా పనికిరాదు, ఆ వేగం నిలిచేది కొన్ని నిమిషాలే. 10 నుంచి 80 శాతానికి ఎంతసేపు అని అడగండి. అడిగాక 10 నుంచేనా అని మళ్లీ అడగండి. కొన్ని బ్రోచర్లలో చిన్న అక్షరాల్లో 30 నుంచి 80 అని ఉంటుంది.

మీ వాడకం ఏది?

ఇంట్లో ఛార్జింగ్ ఉండి, రోజుకి 50, 60 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి ఈ గొడవలో సగం అక్కర్లేదు. రాత్రి ప్లగ్ పెడితే తెల్లారేసరికి నిండి ఉంటుంది. మీ అతి ఎక్కువ రోజు ఎన్ని కిలోమీటర్లో చూసుకుని, ఎండా చలీ కలుపుకుని దానికి రెట్టింపు వచ్చే చిన్న బ్యాటరీ చాలు. ఏడాదిలో ఒకటి రెండు దూర ప్రయాణాల కోసం రోజూ రెండు మూడు వందల కిలోల అదనపు బ్యాటరీని మోసుకు తిరగడం నాకైతే అర్థంలేని పని అనిపిస్తుంది. ఆ ప్రయాణాల్లో ఒకసారి ఎక్కువ ఆగితే సరిపోయె.

ఇంట్లో ఛార్జింగ్ లేనివాళ్లకి లెక్క తలకిందులవుతుంది. వీళ్లకి రేంజ్ అంటే ఎన్ని రోజులకొకసారి ఛార్జర్ దగ్గరికి పోవాలన్నది. పెద్ద బ్యాటరీకి నిజంగా విలువ ఉండేది వీళ్ల దగ్గరే. ఆపి ఉంచినప్పుడు కారు ఎంత తింటుందో కూడా వీళ్లు చూసుకోవాలి. చుట్టూ కాపలా కాసే కెమెరాల మోడ్ ఆన్‌లో ఉంటే ఊరికే నిలబడి ఉన్నా రోజూ కొన్ని శాతాలు తగ్గిపోతుంటాయి.

ఇక్కడే బ్యాటరీ రకం కూడా చూడాలి. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీని రోజూ 100 శాతానికి నింపుకోవచ్చు. పైగా శాతం అంకె సరిగా చూపించడానికి వారానికోసారైనా పూర్తిగా నింపమని చాలా కంపెనీలే చెబుతాయి. ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకాన్ని రోజువారీగా 80 దగ్గర ఆపడం మంచిదంటారు. ఒకే 60 యూనిట్లున్నా రోజువారీ వాడకంలో మొదటి కారు 60 ఇస్తుంది, రెండోది 48. గడ్డకట్టే చలిలో మాత్రం ఎల్ఎఫ్‌పీ ఇబ్బంది పెడుతుంది, ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది.

కొండ దారుల్లో తిరిగేవాళ్లు బరువు చూడాలి. 1,900 కిలోల కారుని 1,000 మీటర్ల ఎత్తుకి లేపడానికి 5.2 యూనిట్లు కావాలి, మోటార్ నష్టాలు కలిపితే ఆరు దాకా. ఇది దూరం కోసం అయ్యే ఖర్చుకి అదనం. దిగేటప్పుడు ఇందులో సగానికి పైగా తిరిగొస్తుంది. కానీ పైన ఊళ్లో ఛార్జర్ లేకపోతే ముందు ఎక్కాలి కదా. ఇంకో చిన్న సంగతి: కొండమీద ఇల్లు ఉండి 100 శాతం నింపుకుని దిగడం మొదలుపెడితే, తిరిగొచ్చే కరెంటుకి బ్యాటరీలో చోటుండదు. 90 దగ్గర ఆపుకోవాలి.

టెస్ట్ డ్రైవ్‌లో మీరే కొలుచుకోండి

షోరూమ్‌లో కారు స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డు మీద కనిపించే కిలోమీటర్లను నమ్మకండి. చాలా కార్లలో అది అంతకుముందు నడిపినవాళ్ల తీరునుబట్టి వేసిన అంచనా. పొద్దున్నుంచి వచ్చినవాళ్లందరూ పికప్ చూద్దామని తొక్కి ఉంటే మంచి కారు కూడా తక్కువ చూపిస్తుంది.

ట్రిప్ మీటర్‌ని సున్నా చేయండి. మీరు మామూలుగా పెట్టుకునే ఉష్ణోగ్రతకే ఏసీ పెట్టండి. హైవే ఎక్కి మీ వేగంలో 20 కిలోమీటర్లు వెళ్లి, అదే దారిలో వెనక్కి రండి. ఒకవైపే నడిపితే గాలి, వాలు రెండూ మోసం చేస్తాయి. వెనక్కొచ్చాక సగటు ఖర్చు చూడండి. వాడుకోదగ్గ యూనిట్లను ఆ అంకెతో భాగించి 100తో గుణిస్తే మీ రేంజ్ వస్తుంది. శాతం ఎంత తగ్గిందో చూసి లెక్కకట్టడం చిన్న దూరాలకు సరిపడదు. 40 కిలోమీటర్లకు 12 శాతం తగ్గిందని కనిపిస్తే అది 11.5 కావచ్చు, 12.5 కావచ్చు. రేంజ్ 320 నుంచి 348 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. రెండు కార్లు పోల్చేటప్పుడు రెండింటినీ వీలైతే ఒకే రోజు, ఒకే రోడ్డు మీద నడపండి. ఒకటి పొద్దున చల్లగా ఉన్నప్పుడు, ఇంకోటి మిట్టమధ్యాహ్నం నడిపితే మీరు పోల్చింది వాతావరణాన్ని.

షోరూమ్ వాళ్లు అంతసేపు కారు ఇవ్వకపోతే, ఒకే పద్ధతిలో చాలా కార్లను పరీక్షించేవాళ్ల ఫలితాలు చూడండి. నార్వేకి చెందిన యూట్యూబర్ బ్యోర్న్ న్యూలాండ్ ఏళ్ల తరబడి కార్లను 90, 120 వేగాల్లో నడిపి ఆ ఖర్చులు పట్టికలో పెడుతున్నాడు. అమెరికా పత్రిక కార్ అండ్ డ్రైవర్ గంటకు 75 మైళ్ల స్థిర వేగంలో పరీక్షిస్తుంది. ఎడ్మండ్స్ నగరం పాలు ఎక్కువ ఉన్న రూట్లో నడుపుతుంది కాబట్టి అంకెలు పెద్దవిగా వస్తాయి. ఎవరి ఫలితమైనా చూడొచ్చు, కానీ ఒకరి అంకెను ఇంకొకరి అంకెతో కలపకూడదు. అలా కలిపితే మళ్లీ బ్రోచర్ దగ్గరికే వచ్చినట్టు.

కొత్తగా ఉన్నప్పటి రేంజ్, కొన్నేళ్ల తర్వాత రేంజ్

చాలా కంపెనీల బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, సామర్థ్యం 70 శాతం కంటే తగ్గితే వర్తిస్తుంది. అంటే ఎనిమిదో ఏట 72 శాతం మిగిలినా కంపెనీ దృష్టిలో అది లోపం కాదు. ఎక్కువ కార్లు అంత దిగజారవు గానీ, ఇవాళ సరిగ్గా సరిపోయే రేంజ్ కొంటే నాలుగైదేళ్లకు ఇరుకవుతుంది. పది పదిహేను శాతం వెసులుబాటు ఉంచుకోండి.

పాత కారు కొనేవాళ్లు బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతమో చూపించే రిపోర్టు అడగాలి. బ్యాటరీని ఎలా చల్లబరుస్తారో కూడా చూడాలి. పాత నిస్సాన్ లీఫ్‌లో బ్యాటరీని చల్లబరిచే ద్రవ వ్యవస్థ లేదు. వేడి ప్రాంతాల్లో తిరిగిన తొలి లీఫ్‌లలో సామర్థ్యం త్వరగా పడిపోయింది. రిపోర్టు దొరక్కపోతే కారుని 100 శాతానికి నింపి, 20 శాతానికి వచ్చేదాకా నడిపి, ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయో ట్రిప్ మీటర్‌లో చూడండి. వాటిని 0.8తో భాగిస్తే ఇప్పుడు బ్యాటరీలో మిగిలిన సామర్థ్యం దాదాపుగా తెలుస్తుంది. అమ్మేవాళ్లు దానికి ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలేయడమే మంచిది.